అక్రోటు పండని ఊరి అక్రోటు టార్టు

స్విట్జర్లాండు ఆగ్నేయపు కొసన, ఇటలీ సరిహద్దుకు ఆనుకుని, ఎంగడీన్ అనే లోయ ఉంది. ఎగువ భాగంలోని సామెడాన్ అనే ఊరు సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ చలికి అక్కడ అక్రోటు చెట్టు బతకదు. చెరకు సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా ఆ లోయ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది అక్రోటు పప్పు, పంచదార పాకం, మీగడ కూరి కాల్చిన టార్టే. అక్కడివాళ్ళ రొమాన్ష్ భాషలో దాని పేరు ‘తువోర్తా ద నూష్’. పండనిది పేరు తెచ్చిపెట్టడమేమిటి? దానికి జవాబు వంటింట్లో దొరకదు, వలసల చరిత్రలో వెతకాలి.

ఎంగడీన్ ఉన్న గ్రౌబుండెన్ సీమ 1803లో స్విట్జర్లాండులో చేరింది. అంతకుముందు అది ‘మూడు కూటములు’ అనే స్వతంత్ర రాజ్యం. పొలం తక్కువ, చలికాలం పొడుగు; ఇంటికొక్కరైనా ఊరు విడిచి పోవలసిందే. 1603లో ఈ కూటములకూ వెనిస్‌కూ ఒడంబడిక కుదిరింది. దాని నీడన ఈ కొండవాళ్ళు వెనిస్‌లో పలు వృత్తుల్లో స్థిరపడ్డారు. వాళ్ళు బాగా రాణించింది మిఠాయి పనిలో. అప్పట్లో ఐరోపాకు పంచదార ఖరీదైన దిగుమతి సరుకు. వెనిస్ దాని వ్యాపారంలో తలపండిన నగరం. కొండ మీద గొడ్లు కాసిన పిల్లలు అక్కడ పాకం పట్టడం నేర్చారు.

నేర్చి, ఆ నగరపు వాళ్ళనే మించిపోయారు. స్థానిక వృత్తి సంఘాలకు కన్ను కుట్టింది. దానికి తోడు, మిలన్‌ను ఏలుతున్న ఆస్ట్రియాతో కూటములు వేరే ఒప్పందం చేసుకున్నాయని వెనిస్‌కు కోపం వచ్చింది. చివరికి 1766లో వాళ్ళ హక్కులన్నీ రద్దుచేసి వెళ్ళగొట్టింది. తరాలుగా ఉన్న చోట ఒక్క ఉత్తరువుతో పరాయివాళ్ళైపోవడం ఎలా ఉంటుందో మనబోటివాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే వాళ్ళు కొండెక్కి కూర్చోలేదు. ఐరోపా అంతటా చెదిరిపోయారు. బెర్లిన్‌లో పేరుపడ్డ జోస్టీ కాఫీశాల ఎంగడీన్ వాళ్ళు పెట్టిందే. పీటర్స్‌బర్గులో వోల్ఫ్, బెరాంజె అనే ఇద్దరి మిఠాయి అంగడి ఉండేది. వాళ్ళూ గ్రౌబుండెన్ వాళ్ళే. 1837లో ప్రాణం తీసిన ద్వంద్వయుద్ధానికి బయల్దేరే ముందు పుష్కిన్ తన సాక్షిని కలుసుకున్నది అక్కడే. అంగట్లో జర్మనో రష్యనో మాట్లాడక తప్పేది కాదు. ఎంగడీన్ వాళ్ళ ఇంటిభాష మాత్రం రొమాన్ష్.

ఇలా పోయినవాళ్ళకు ఊళ్ళో ఒక ముద్దుపేరు ఉంది: ‘రందులిన్స్’, అంటే వానకోయిలలు. దూరదేశాల్లో గడించి, వేసవికి గూటికి వచ్చేవాళ్ళని భావం. ఎంగడీన్ పల్లెల్లో నేటికీ కనిపించే పెద్ద పెద్ద మేడలు కొన్ని వాళ్ళు కట్టించినవే. మేడలతోపాటు చేతిపనినీ మోసుకొచ్చారు. పాకం కూరిన ఈ టార్టు కూడా అలా వచ్చిందేనని లోయవాళ్ళ నమ్మకం. నాకూ అదే సబబనిపిస్తుంది. దానికి పడే పంచదార చూస్తే అది పాత రైతు వంట కాదని ఇట్టే తెలుస్తుంది. కొండ పల్లెల అసలు పండగ వంట ఎండు బేరిపళ్ళూ గింజలూ కలిపి చేసే రొట్టె. అందులో తీపి పండుదే.

సామెడాన్‌లో ఫాస్టో పుల్ట్ అనే మిఠాయి వర్తకుడు 1926లో ఈ టార్టును ఎంగడీన్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. 1934లో బాసెల్ సంతలో దాన్ని దేశమంతటికీ చూపించాడు. ఆ రోజుల్లోనే మరో తగవు నడుస్తోంది. రొమాన్ష్ వేరే భాష కాదు, ఇటాలియన్‌కు ఒక మాండలికమేనని ఇటలీ జాతీయవాదులు వాదించేవారు. 1938 ఫిబ్రవరిలో స్విస్ ప్రజలు ఓటు వేసి, నూటికి తొంభైమందికి పైగా సమ్మతించి, దాన్ని నాలుగో జాతీయ భాషగా గుర్తించారు. మాట్లాడేవాళ్ళు లక్షకు లోపే! టార్టుకు పేరు పెట్టడమూ, భాషకు పేరు నిలవడమూ పన్నెండేళ్ళలోపే జరిగాయి. ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందని నేననను. కాని ‘ఇది మాది’ అని చెప్పుకోవలసిన అవసరం రెండింటికీ ఒక్కటే.

పండని అక్రోటుతో ‘మాది’ ఎలా అవుతుందని ఎవరైనా దెప్పితే, మన ఆవకాయను తలుచుకోవచ్చు. అందులోని మిరప పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి అమెరికా ఖండం నుంచి వచ్చినదే. బరంపురంలో కలిపినా హోసూరులో కలిపినా ఆవకాయ తెలుగువాళ్ళదే.

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. 300 గ్రాముల మైదాలో చల్లని వెన్న 150 గ్రాములు పొడిపొడిగా కలిపి, 120 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు చేర్చి ముద్దచేసి చల్లగా ఉంచాలి. నీళ్ళు పోయకుండా 250 గ్రాముల పంచదారను రాగిరంగు వచ్చేదాకా కరిగించి, వేడిచేసిన చిక్కటి మీగడ 200 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా పోయాలి. మీగడ చల్లగా ఉంటే చివ్వున పొంగి చేతులు కాలుతాయి. చెంచాడు తేనె, చితగ్గొట్టిన అక్రోటు పప్పు 250 గ్రాములు వేసి బాగా ఆరనివ్వాలి. ముద్దలో మూడింట రెండు వంతులు పళ్ళెంలో పరిచి, పూర్ణం నింపి, మిగతాది మూతగా వేసి, అంచులు ఫోర్కుతో నొక్కి, పైన నాలుగు పోట్లు పొడిచి, 180 డిగ్రీల ఓవెన్‌లో ముప్పావుగంట కాల్చాలి. కజ్జికాయ అంచు మడవడం వచ్చిన చేతికి ఇది లెక్కలోనిది కాదు. వేడిమీద కోస్తే పాకం కారిపోతుంది, మర్నాటిదాకా ఆగాలి. వారాల తరబడి నిలవుంటుంది. అందుకే ఈ టార్టును లోయవాళ్ళు తపాలాలో పరదేశాలకు పంపుతుంటారు.