రెండు నాణెముల కాలము

హైదరాబాదు పాతబస్తీలోని వయోవృద్ధులకు హాలీ సిక్కా జ్ఞాపకము ఉండవచ్చును. చార్మినారు బొమ్మ గల ఆ నాణెము నిజాము రాజ్యపు సొంత ద్రవ్యము. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైనను, ఆ నాణెము వెంటనే అంతరింపలేదు. 1951లో దాని జారీ నిలిచెను. 1959లో అది పూర్తిగా రద్దయ్యెను. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు మారకము. ఆ నడిమి సంవత్సరములలో పత్థర్‌గట్టి వర్తకుడు రెండు లెక్కలను ఎరిగి యుండవలసి వచ్చెను.

పాత ప్రమాణమును విడిచి క్రొత్త ప్రమాణమునకు పోవునపుడు నడుమ వంతెన కట్టుట యెట్లు? ఈ ప్రశ్నయే మన కాలమున కంప్యూటరు రంగమున మరల తలయెత్తినది. ఆ చరిత్రను కొంత ముచ్చటింతము.

మనము కరెంటు బిల్లు కట్టుటకో, పరీక్షకు దరఖాస్తు పంపుటకో బ్రౌజరును తెరచెదము. అందలి మీట సరిగా పనిచేయుచున్నదా యని ఎవరో ముందుగా పరీక్షింపవలెను. మనుష్యుడు వేయిమారులు నొక్కి చూడలేడు గనుక ఆ పనిని మరియొక ప్రోగ్రాముకు అప్పగింతురు. అమీర్‌పేట శిక్షణాలయములలో మన యువకులు నేర్చుకొను సెలీనియం అట్టి సాధనము. 2004లో చికాగో నగరమున జేసన్ హగ్గిన్స్ దీనిని ప్రారంభించెను. తరువాత సైమన్ స్టూవర్ట్ నిర్మించిన వెబ్‌డ్రైవర్ దీనితో కలసి, 2011లో సెలీనియం రెండవ కూర్పుగా వెలువడెను.

అయితే ఒక చిక్కు కలదు. ఒక్కొక్క బ్రౌజరుది ఒక్కొక్క తీరు. బ్రౌజరు మారినప్పుడెల్ల, దానిని నడపు డ్రైవరును గూడ దిద్దవలెను. సెలీనియం వారు ఫైర్‌ఫాక్స్ కొరకు స్వయముగా వ్రాసికొనిన డ్రైవరు, 2016లో ఆ బ్రౌజరు నియమములు మారగా, పనికిరాకుండ పోయెను. ఇందుకు మార్గము, అందరు అంగీకరించు ఒక భాష. 1994లో టిమ్ బెర్నర్స్-లీ స్థాపించిన డబ్ల్యూ3సీ సంస్థ 2018 జూన్ 5న వెబ్‌డ్రైవర్‌ను ప్రమాణముగా ప్రకటించెను.

పాత భాషకును క్రొత్త భాషకును భేదము చిన్నదిగా తోచును. వెదకిన మీట పుటలో కానరానిచో, పాత భాషలో డ్రైవరు 7 అను అంకెను పంపెడిది. క్రొత్త ప్రమాణము ప్రకారము అట్టిది లేదని మాటలతోనే చెప్పవలెను. ఒక బ్రౌజరుకే చెందిన కోరికల ముందు, నాణెముపై టంకశాల గుర్తువలె, ఆ నిర్మాత గుర్తు ఉండితీరవలెను. గుర్తు లేనిది చెల్లదు. అంకెను చూచి నిర్ణయించు ప్రోగ్రాముకు మాట వినవచ్చినచో, అది దారి తప్పును. పాత పాఠము చూచి శ్రద్ధగా నేర్చిన విద్యార్థి ప్రోగ్రాము ఒక ఉదయమున ఆగిపోయిన, ఆ తప్పు అతనిది కాదు. అతని చేతిలోనున్నది హాలీ రూపాయి.

ఈ కష్టమును తగ్గించుటకు 2016లో వచ్చిన మూడవ కూర్పు వర్తకుని ఉపాయమునే అనుసరించెను. పని మొదలిడునపుడే అది తన కోరికను రెండు భాషలలోను పంపును. డ్రైవరు ఏ భాషలో బదులిచ్చిన, ఆ భాషలోనే తక్కిన సంభాషణము సాగును. అట్లు కొన్ని సంవత్సరములు రెండు నాణెములు చెల్లెను. 2021 అక్టోబరు 13న వెలువడిన నాలుగవ కూర్పు క్రొత్త ప్రమాణమునే తన భాషగా గ్రహించెను.

ఇది తుది మజిలీ కాదు. ఇంతవరకు ప్రోగ్రాము అడిగిననే బ్రౌజరు బదులు చెప్పెడిది. బ్రౌజరు తనంత తానుగా వార్త తెలుపగల మరియొక ప్రమాణము, వెబ్‌డ్రైవర్ బైడై, ఇప్పుడు రూపొందుచున్నది. మరల పాత క్రొత్తల నడుమ సంధికాలము వచ్చును. ప్రమాణమును వ్రాయుట పండితుల పని. పాత నాణెము చేతనున్న వానిని అంగడి ముంగిట నిలువరింపక, మారకమునకు గడువిచ్చి లోనికి పిలుచుటయే దానిని అమలుపరచువారి ధర్మము.