లండన్ తపాలా రైల్వే

లండన్ వీధుల కింద సుమారు 21 మీటర్ల లోతున, 1927 నుంచి 2003 వరకు ఉత్తరాలు, పార్శిళ్లు మాత్రమే మోసిన విద్యుత్ రైలుమార్గం. పడమట పాడింగ్టన్ నుంచి తూర్పున వైట్‌చాపెల్ దాకా దాదాపు 10.5 కి.మీ., 8 స్టేషన్లు. నగరంలో రద్దీవల్ల తపాలా బండ్లు ఆలస్యమవుతుండటంతో 1913లో పార్లమెంటు దీనికి అనుమతిచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంతో పని ఆగింది. ఆ ఖాళీ సొరంగాల్లో కొన్నాళ్లు మ్యూజియంల చిత్రపటాలు దాచారు.

రైలుకు డ్రైవరు లేడు. మధ్యనున్న మూడో పట్టా ద్వారా కరెంటు అందేది. స్టేషన్ల క్యాబిన్లలోని సిబ్బంది మీటలతో నడిపేవారు. ఇంజనీర్ల అసలు నేర్పు స్టేషన్ల కట్టడంలో కనిపిస్తుంది. ప్లాట్‌ఫారాలను ప్రధాన సొరంగం కంటే ఎత్తులో కట్టారు. వచ్చే రైలు ఎగువకు ఎక్కుతూ దానంతటదే నెమ్మదించేది, బయల్దేరిన రైలు దిగువకు జారుతూ వేగం అందుకునేది. దాంతో బ్రేకుల వాడకం, కరెంటు రెండూ ఆదా అయ్యేవి.

రోడ్డు రవాణా కంటే ఖర్చెక్కువని తపాలా సంస్థ రాయల్ మెయిల్ 2003 మే 31న దీన్ని ఆపేసింది. పొగ, రద్దీవల్ల నగరానికి కలిగే నష్టాన్నీ లెక్కిస్తే ఆ నిర్ణయం సమంజసంగా తోచదు. 2017 నుంచి మౌంట్ ప్లెజెంట్ వద్ద తపాలా మ్యూజియం సందర్శకులను ఈ సొరంగాల్లో చిన్న బ్యాటరీ రైళ్లలో తిప్పి చూపుతోంది.