తరగతి మొత్తానికీ తాయిలం

పొద్దున్నే అందరికంటే ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులుగారు సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక్కోటి ఎక్కువ. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో అక్కడి వీధిబడుల తీరు ఇలా వర్ణించాడు. ఆయన తెలుగు వ్యాకరణం రాసిన దొర. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉంది కాబట్టి ఇది మన బడుల సంగతి కూడా.

పైసా ఖర్చు లేని బహుమానం అది. కాకపోతే బడి మొత్తంలో ఒక్కడికే. మూడోవాడి నుంచి అందరూ వీపు తడుముకోవాలి. ఇల్లు ఊరి చివర ఉన్నవాడి గతేమిటో నివేదికలో లేదు.

పిల్లలందరికీ కలిపి దక్కే తాయిలం మాత్రం దసరాకి వచ్చేది. పంతులుగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. వాళ్లు విల్లంబులు పట్టుకుని పాటలు పాడేవారు. గృహస్థులు పంతులుగారికి డబ్బో ధాన్యమో, పిల్లలకి పప్పుబెల్లాలూ ఇచ్చేవారు. బాగా చదివినవాడికీ మొద్దబ్బాయికీ ఒకే పిడికెడు. బడి ఖర్చు ఊరు భరించిందన్నమాట. అయితే అది పండగ మామూలే తప్ప, తరగతి బుద్ధిగా ఉన్నందుకు ఇచ్చింది కాదు.

చదువుకీ నడతకీ లెక్కగట్టి బహుమతులిచ్చే పద్ధతిని ఇంగ్లండులో పెద్ద ఎత్తున నడిపినవాడు జోసెఫ్ లాంకాస్టర్. లండన్ బరో రోడ్డులో 1798లో బడి పెట్టి, ఒక్క ఉపాధ్యాయుడి కింద వందలాది పేదపిల్లల్ని కూర్చోబెట్టాడు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్పాలి. ఇదే పద్ధతిని ఆండ్రూ బెల్ అంతకుముందే మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమంలో అమలుచేశాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే మన పిల్లల్ని చూసే ఆయన ఇసుకపలకను తన బడికి తెచ్చుకున్నాడు. లాంకాస్టర్ కొట్టడాన్ని ఇష్టపడని క్వేకర్ శాఖ క్రైస్తవుడు. అందుకని బంతులు, గాలిపటాలు, బొమ్మలు, వెండి పతకాలు పంచాడు. దండన మాత్రం పోలేదు. తప్పుచేసినవాణ్ణి బుట్టలో పెట్టి పైకప్పుకి వేలాడదీసేవాడు! బెత్తం వద్దన్న మనిషికి ఇది ఎలా తోచిందో. మనిషి దుబారా కూడా. అప్పుల్లో కూరుకుపోతే దాతలు 1808లో ఒక సంఘం పెట్టి ఆదుకోవలసి వచ్చింది.

బహుమతి కొనక్కర్లేదన్న సంగతి శాస్త్రంగా తేలడానికి ఇరవయ్యో శతాబ్దం సగం దాటాలి. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ ప్రెమాక్ 1959లో ఒక సూత్రం చెప్పాడు: తమంతట తాము ఎక్కువగా చేసే పనిని ఎరగా చూపితే, తక్కువగా చేసే పని జరుగుతుంది. కూర తింటేనే పాయసం అని మన బామ్మలు ఎప్పుడో కనిపెట్టారు కానీ వాళ్లు పత్రికలకు రాయలేదు. లాయిడ్ హోమ్, అతని సహచరులు 1963లో దీన్ని ముగ్గురు మూడేళ్ల పిల్లల మీద ప్రయత్నించారు. ఆ ముగ్గురికీ ఇష్టమైన పనులు గదిలో పరుగెత్తడం, కేకలు పెట్టడం, కుర్చీలు తోయడం. సరే, కాసేపు బుద్ధిగా కూర్చుని నల్లబల్ల వైపు చూడండి, గంట కొట్టగానే పరుగెత్తి అరవండి అన్నారు. అల్లరే జీతమైంది. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

దీన్ని పూర్తి తరగతికి ఆటగా మలిచింది కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన బారిష్, సాండర్స్, వుల్ఫ్. వాళ్ల వ్యాసం 1969లో వచ్చింది. 24 మంది ఉన్న నాలుగో తరగతి అది. పిల్లల్లో కొందరి మీద ప్రిన్సిపాల్‌కి అప్పటికే పలుమార్లు ఫిర్యాదులు వెళ్లాయి. తరగతిని రెండు జట్లు చేశారు. అనుమతి లేకుండా లేచినా, మాట్లాడినా ఆ జట్టు పేరు కింద బోర్డు మీద ఒక గీత. తక్కువ గీతలున్న జట్టు గెలుస్తుంది. అయిదు దాటకపోతే రెండూ గెలిచినట్టే. ఈ రెండో నియమమే ఆటకి ప్రాణం. పక్క జట్టు ఓడాలని కోరుకోనక్కర్లేదు. గెలిస్తే ఛాతీకి ఒక బిళ్ల, చార్టులో నక్షత్రం, భోజనానికి ముందు వరస, చివర్లో అరగంట ఇష్టం వచ్చిన పని. కాగితం ముక్కలు తప్ప కొన్నది లేదు. లెక్కల పీరియడ్‌లో గమనించిన వ్యవధుల్లో అంతకుముందు 96 శాతంలో మాటలు వినబడితే, ఆట మొదలయ్యాక అది 19 శాతానికి దిగింది.

ఒక చిక్కు అప్పుడే బయటపడింది. ఇద్దరు పిల్లలు కావాలనే గీతలు తెచ్చిపెట్టారు. ఒకడైతే నేనాడను పొమ్మన్నాడు. వాళ్లవల్ల జట్టంతా నష్టపోవడం అన్యాయమని ఉపాధ్యాయురాలు, పిల్లలు కలిసి వాళ్లను జట్టునుంచి తప్పించారు. గుంపు బహుమతి పెట్టే ఎవరికైనా ఈ పిల్లవాడు ఎదురవుతాడు. వాడికి వేరే దారి చూపకపోతే మధ్యాహ్నం గంట కొట్టాక తోటివాళ్లే వాడి పని పడతారు.

గోళీల సీసా వెనక కూడా ఈ గుంపు బహుమతి ఆలోచనే ఉంది. లీ కాంటర్, మార్లీన్ కాంటర్ 1976లో వెలువరించిన క్రమశిక్షణ పుస్తకంతో ఇది అమెరికా బడుల్లో బాగా వ్యాపించింది. తరగతి బాగుంటే సీసాలో గోళీ, నిండితే అందరికీ ఆటవిడుపు. గోళీల బదులు చింతగింజలు వేసుకోవచ్చు. కొట్టకుండా తరగతిని నడిపే అవసరం మనకూ పెరిగింది: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. సీసాలో వేసిన గోళీని కోపంలో తిరిగి తీసేసే అలవాటు మాత్రం పనికిరాదు. పిల్లలు దాన్ని జరిమానా అనే అనుకుంటారు, అది నిజమే.

1973లో వచ్చిన ఒక ప్రయోగం ఈ ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని శిశుపాఠశాలలో రంగు పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లలకు లెపర్, గ్రీన్, నిస్బెట్ బంగారు నక్షత్రమున్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి వేయించారు. తర్వాత కొన్నాళ్లకు వాళ్లు ఆ పెన్నులతో గడిపే సమయం, బహుమతి ఊసే లేని పిల్లలతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా చివర్లో ఇచ్చినచోట ఆ నష్టం లేదు. పిల్లలు ఎలాగూ ఇష్టపడే కథల పీరియడ్‌కి గోళీలు లెక్కపెట్టే పంతుళ్లు ఈ ఫలితం చూడాలి.

బాల్టిమోర్‌లో షెపర్డ్ కెలమ్ బృందం 1985-86లో కాన్సస్ ఆటనే ఒకటో తరగతి పిల్లలతో ఆడించినప్పుడు, మొదట స్టిక్కర్లు, రబ్బర్లు ఇచ్చి, పోనుపోను వాటిని తగ్గించి అదనపు విరామం లాంటివాటికి మళ్లారు. ఆట ఎప్పుడు నడుస్తోందో కూడా ముందుగా చెప్పడం మానేశారు. ఆ పిల్లల్ని 19-21 ఏళ్ల వయసులో మళ్లీ కలిసి పరిశీలించిన ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఒకటో తరగతిలో బాగా దుడుకుగా ఉన్న మగపిల్లల్లో, ఆట ఆడినవాళ్లు మత్తుమందుల బారిన పడటం ఆడనివాళ్లకంటే తక్కువగా కనిపించింది.