పుట్టగొడుగుల కథా కమామీషు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన కార్యదర్శిగారు రెండు నెలలుగా వెంటపడుతున్నారు. కోటల గురించి, శాసనాల గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా రెవెన్యూ శాఖలో కాగితాలు త్రిప్పిన గుమస్తాను. అందుచేత అడంగల్‌లో గడి లేని ఒక పంట చరిత్ర వ్రాస్తున్నాను. అదే పుట్టగొడుగు. దానిని ఎవరూ విత్తలేదు, దానికి ఎవరూ శిస్తు కట్టలేదు, ఏ అజమాయిషీలోనూ అది ఎక్కలేదు. అయినా మా కోటబొమ్మాళి చుట్టుపక్కల పల్లెల్లో తొలకరి తరువాత అది తినని ఇళ్ళు తక్కువే.

ఇప్పుడే ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం లేకపోలేదు. నాతో పాటు ఉద్యోగం చేసిన మిత్రులొకరు, మన సభ్యులే, ఆమధ్య సుగరు మాత్రలు మానేసి పుట్టగొడుగుల పొడి తాగడం మొదలుపెట్టారు. ఆ సంగతి తరువాత చెబుతాను. ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాను.

ముందు పేరు చూడండి. పుట్టమీద లేచిన గొడుగు కనుక పుట్టగొడుగు. మన పొరుగువారైన ఒడియావారు ఛతు అంటారు. ఆ మాటా గొడుగుకు చుట్టమే. వారు గొడుగు అని ఊరుకొన్నారు, మనవారు చిరునామా కూడా చేర్చారు. మా వైపు ఆడవాళ్ళు పుట్టకొక్కులనేవారు. పుట్టతో పని లేకుండా పెంటకుప్పల మీద, కుళ్ళిన మానుల మీద ఎక్కడపడితే అక్కడ లేచేదానికి కుక్కగొడుగు అని వేరే పేరు. తినదగినదేదో తినరానిదేదో పేరులోనే చెప్పి పెట్టారన్నమాట.

పుట్టకూ గొడుగుకూ ఉన్న సంబంధం నేను ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు గాని నాకు సరిగా తెలియలేదు. పుట్ట అంటే పాము ఇల్లని మనం అనుకొంటాము గాని, కట్టినది చెదపురుగు. అవి ఆకూ పుల్లా నమిలి, పుట్ట లోపల తేనెతెట్టెలాంటి తోటలు కడతాయి. ఆ తోటలలో ఒక రకం బూజును పెంచి దానిని తింటాయి. వానలు పడి నేల మెత్తబడ్డాక ఆ బూజే మట్టిని చీల్చుకొని గొడుగై పైకి వస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజె హైమ్ 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని నామకరణం చేశాడు. చెదపురుగుల శిలీంధ్రం అని దాని అర్థం. మన పల్లెవాళ్ళు పెట్టిన పేరుకు అది ఇంచుమించు తర్జుమా. చెదపురుగు లేకుండా దీనిని షెడ్డులో పండించి గిట్టుబాటు చేయడం ఇప్పటికీ ఎవరికీ కుదరలేదు.

నేను 1951లో పుట్టాను. నాకు తొమ్మిది పదేళ్ళ వయసులో మా ఊరి చుట్టూ మెట్టలు, తోపులు, బంజర్లు ఉండేవి. వాటిలో పుట్టలుండేవి. నాగులచవితికి పాలు పోసే పుట్టను ఎవరూ త్రవ్వేవారు కాదు. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో రెండు మూడు రోజులు ముసురు పట్టి ఎండ కాసిందంటే మా చిన్నమ్మమ్మ తెల్లవారకముందే గంప పట్టుకొని మాయమయ్యేది. ఏ పుట్ట దగ్గరకు వెళ్ళినదీ సొంత చెల్లెలికి కూడా చెప్పేది కాదు. ఏటా ఆ పుట్టమీదే, ఇంచుమించు ఆ రోజులలోనే అవి లేచేవి. నన్ను మాత్రం చిన్నవాడినని వెంట తీసుకొని వెళ్ళేది.

ఆవిడ పరీక్ష చూస్తే మా ఆఫీసులో ఆడిటర్లు గుర్తుకు వస్తారు. గొడుగును పెరకకుండా చుట్టూ మట్టి తీసి కాడను చివరిదాకా చూసేది. కాడ తోకలా సన్నబడుతూ పుట్ట లోపలికి దిగాలి. అడుగున గుడ్డుడిప్పలాంటి సంచి కనిపించిందంటే అక్కడే వదిలి చేతులు కడుక్కొనేది. వరిగడ్డిమీద లేచే మంచి రకానికీ ఆ సంచి ఉంటుందని తరువాత చదివాను. ఆ లెక్కన ఆవిడ కొన్ని మంచివీ పారేసి ఉంటుంది. పారేసినందువల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఒకసారి మా నాన్నగారు కళ్ళం దగ్గర దొరికాయని తెల్లగా నిగనిగలాడే గొడుగులు తువ్వాలు నిండా తెచ్చారు. ఆవిడ కన్నెత్తి చూడలేదు. "పుట్ట సూపించు బాబూ, అప్పుడు పొయ్యి ఎలిగిత్తాను" అంది. మా నాన్నగారికి కోపం వచ్చింది గాని, తువ్వాలు దిబ్బమీద దులిపి వచ్చారు.

ఆ వారంలోనే పక్కవీధిలో ఒక ఇంటివారు అలాంటివే వండుకొన్నారు. రాత్రి రెండు జాములు తిరగకుండానే ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు. బండి కట్టి టెక్కలి తీసుకొని వెళ్ళారు. అదృష్టవశాత్తు అందరూ తిరిగి వచ్చారు. తినగానే వాంతి చేయించే రకాలు చాలావరకు ప్రాణం తీయవట. ప్రాణం తీసే అమానిటా జాతివి కొన్ని ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా ఏ లక్షణమూ చూపవు. తరువాత వాంతులు పట్టుకొని, మళ్ళీ ఒక రోజు నెమ్మదించినట్లు కనిపించి, ఈలోగా కాలేయాన్ని పాడుచేస్తాయి. ఎంతసేపు ఉడికించినా ఆ విషం విరగదు. వెండి చెంచా నల్లబడుతుంది, వెల్లుల్లి రంగు మారుతుంది, పురుగు తిన్నది మనిషీ తినవచ్చు అనే మాటలలో ఒక్కటీ నిజం కాదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదముగ్గురు చనిపోయారు. వారిలో ఎక్కువమంది తేయాకు తోటల కూలీల కుటుంబాలవారే.

మన పాత గ్రంథాలు దీనిని గురించి ఏమన్నాయో చూద్దాం. ద్విజులు తినరాని వాటిలో వెల్లుల్లి, ఉల్లితో పాటు ఛత్రాకాన్ని కూడా మనువు చేర్చాడు. శిష్టుల ఇళ్ళలో ఇది పొయ్యి ఎక్కకపోవడానికి అది ఒక కారణం. తినే మా ఇంట్లో కూడా దీనిని నీచు కిందే జమకట్టేవారు. శ్రావణ శుక్రవారం నాడు ఎంత మంచి గొడుగులు దొరికినా మర్నాటి దాకా ఆగవలసిందే. వైద్యులు మాత్రం మనువులా తోసివేయక, వాటిని కూరల పద్దులో వ్రాసుకొన్నారు. సుశ్రుత సంహితలో గడ్డిమీద, చెరకు పిప్పిమీద, పేడమీద, వెదురుమీద, నేలమీద పుట్టే వాటిని వేరువేరుగా పేర్కొని గుణాలు చెప్పారు. గడ్డిమీద పుట్టినది మధురమనీ దోషాలను శమింపజేస్తుందనీ, పేడమీదిది, వెదురుమీదిది వాతం చేస్తాయనీ అన్నారు. చరక సంహిత సర్పచ్ఛత్రకమనే దానిని మినహాయించి, తక్కిన గొడుగు జాతులు చలవ చేస్తాయి, తియ్యగా ఉంటాయి, అరగడానికి బరువు, పీనసం తెస్తాయి అంటుంది.

చరకుడి పేరైనా వినని మా చిన్నమ్మమ్మ మాట కూడా అదే. జలుబు, ఆయాసం ఉన్నవాళ్ళకు, బాలింతలకు ఆవిడ పుట్టకొక్కులు పెట్టేది కాదు. తక్కినవాళ్ళకైనా మిరియాలు, వెల్లుల్లి, ఆవపొడి పడనిదే దించేది కాదు. జ్వరం తగ్గి నోటికి ఏదీ రుచించనివాడికి రెండు గొడుగులు వేసి మిరియాల చారు కాచి ఇచ్చేది. మిగిలినవి దారానికి గుచ్చి ఎండలో వేలాడదీసేది. పుట్టగొడుగులలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండ సోకితే అది డి విటమిన్‌గా మారుతుంది. మనలో సగం మంది ఇప్పుడు వారానికొక పొట్లం చొప్పున మింగుతున్నది ఆ విటమిన్‌నే. పశువులకాపరులు గొడుగు విప్పని బంతిలాంటి రకాన్ని ఎండబెట్టి ఉంచుకొని, కాలికి దెబ్బ తగిలితే లోపలి పొడిని రక్తం ఆగడానికి అద్దేవారు. ఐరోపాలోనూ పల్లెటూళ్ళలో ఈ అలవాటు ఉండేది. ఇప్పుడైతే కడిగి కట్టు కట్టి ధనుర్వాతం సూది వేయించుకోవడమే ఉత్తమం.

ఇంతలా వాడుకొన్నా దీనిని మందు అన్న మనిషిని చిన్నప్పుడు నేను చూడలేదు. మందు అన్నది తరువాత వచ్చిన మాట.

షెడ్డులో పుట్టగొడుగుల పెంపకం మనకు కొత్త. మన జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులలో, 1943లో, కోయంబత్తూరులో వరిగడ్డిమీద వాటిని పెంచి చూపారు. 1961లో హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో తెల్ల బొత్తం రకం పని మొదలైంది. 1983లో అక్కడ జాతీయ పరిశోధన కేంద్రం వచ్చింది, 1997లో ఆ ఊరికి పుట్టగొడుగుల నగరమని పేరు పెట్టారు. ఒడిశాలో వరిగడ్డి రకం ఇంటింటి పరిశ్రమ అయింది. బరంపురం బజారులో బుట్టలకొద్దీ చూశాను. మన బజారుకు పొట్లాలలో వచ్చే తెల్లవాటికి పుట్టతో ఏ సంబంధమూ లేదు, అయినా వాటినీ మనం పుట్టగొడుగులనే అంటున్నాము. వాటి సంగతీ చెప్పాలి: నూరు గ్రాములలో తొంభై గ్రాముల దాకా నీరే, మాంసకృత్తులు రెండు మూడు గ్రాములు. మంచి కూరే గాని మాంసంతో సమానమని అమ్మేవాడు చెప్పే మాట నమ్మకండి.

ఇక పొడి సంగతి. మా మిత్రులు కొన్న డబ్బామీద రీషి అని ఉంది. మన ఋషులు వాడినదేమోనని ఆయన భ్రమపడ్డారు. అది జపాను మాట. చీనావారు దానిని లింగ్‌జీ అంటారు, రెండువేల ఏళ్ళ నాటి వారి మందుల పుస్తకంలో దాని ప్రస్తావన ఉంది. దాని శాస్త్రనామం గానోడెర్మా. ఈ పేరు ఉద్దానం కొబ్బరి రైతులకు చెప్పి చూడండి, ఉలిక్కిపడతారు. కొబ్బరిచెట్టు మొదట్లో బంక కారి, చెట్టు నిలువునా ఎండిపోయే బంకకారు తెగులు తెచ్చేది ఆ జాతే. రైతు చుట్టూ కందకం త్రవ్వి, వేళ్ళు పెకలించి కాల్చేదానికి చుట్టాన్ని మా మిత్రులు వేలు పోసి కొన్నారు.

శిలీంధ్రాలలో మందు లేదని నేననను. పెన్సిలిన్ బూజు నుంచే వచ్చింది. జపానులోని అకితా ప్రాంతపు రైతుబిడ్డ అకీరా ఎండో వేలకొద్దీ బూజులను పరీక్షించి, 1973లో కొలెస్ట్రాల్‌ను తగ్గించే పదార్థం కనుగొన్నాడు. ఆ దారినే 1987లో మొదటి స్టాటిన్ మాత్ర బజారుకు వచ్చింది. రాత్రి భోజనం తరువాత మనం వేసుకొనే మాత్రకు మూలపురుషుడు ఆయనే. 2024లో పోయాడు. 1985లో జపాను ప్రభుత్వం షిటాకే రకం నుంచి తీసిన పదార్థాన్ని జీర్ణకోశ కాన్సరులో ఇతర మందులతో పాటు సూదిగా ఇవ్వడానికి అనుమతించింది. మోతాదు తూచి, రోగులమీద పరీక్షించి, డాక్టరు చేత ఇప్పించినవి అవి. డబ్బాలో పొడికి ఆ లెక్కలేవీ లేవు. పైగా రక్తం పలుచబడే మాత్రలు వేసుకొనేవారికి రీషి వల్ల రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

మా మిత్రులకు ఆ పొడి అమ్మిన కుర్రవాడు మంచివాడే, తనూ తాగుతున్నాడు. మూడు నెలలు మాత్రలు ఆపి చూడండి, మీకే తెలుస్తుందన్నాడట. నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి వచ్చి మావాడు వరుసలో నిలబడ్డవాడు నిలబడ్డట్లే కూలిపోయాడు. సుగరు నాలుగువందలు దాటింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, కుడికాలి బొటనవ్రేలు తీసేశారు. మంచం పక్కన కూర్చొని, ఎందుకు నమ్మావయ్యా అని అడిగాను. "మన చిన్నప్పుడు తిన్నదే కదా గురూ, ఏం చేస్తుందిలే అనుకొన్నాను" అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. చిన్నప్పుడు మేము తిన్నదీ ఇదీ ఒకటి కాదని ఆ మంచం దగ్గర చెప్పి ఏం లాభం? ఇప్పుడు మాత్రలు వేళకు వేసుకొంటున్నాడు, కర్ర పట్టుకొని మన సమావేశాలకూ వస్తున్నాడు.

వంశధార ఎడమకాలువ నీళ్ళు వచ్చాక మెట్టలు పొలాలయ్యాయి. దానికి మనం సంతోషించాము, పట్టాల కాగితాలు నేనే వ్రాశాను. తరువాత హైవే వెడల్పయింది, తోపులు ప్లాట్లయ్యాయి. చిన్నమ్మమ్మ చూపిన పుట్టలలో నాకు తెలిసి ఒక్కటే మిగిలింది, అదీ చవితికి పాలు పోస్తున్నారు గనుక. ఈ ఏడు ముసురు వెలిశాక మనుమడిని వెంటబెట్టుకొని వెళ్ళాను. పదిహేను గొడుగులు దొరికాయి. కాడ చివరిదాకా మట్టి తీసి వాడి చేత చూపించుకొన్నాను. ఇంటికి తెస్తే మా కోడలు పళ్ళెం అందుకోకుండా, "ఏ పుట్టది మావయ్యగారూ?" అని అడిగింది. మా ఆవిడ నేర్పి ఉంటుంది.

వంట మా ఆవిడదే. మట్టి కడిగి, చేతితోనే చీల్చి, ఉప్పు పసుపు వేసి సొంత నీటిలోనే మగ్గనిస్తుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించి కలిపి, దించే ముందు నూరిన ఆవ, మిరియాల పొడి వేస్తుంది. చోడి అంబలిలోకైనా వేడన్నంలోకైనా బాగుంటుంది. దగ్గు ఉందని నాకు రెండు ముద్దలే పెట్టింది. మర్నాటికి మాత్రం చెంచాడైనా ఉంచదు.