స్టవ్వు హోరు వెనుక ఒక ఊరు

మా అమ్మమ్మగారి వంటింట ఒక ఇత్తడి పంపు స్టవ్వు ఉండెడిది. తెల్లవారకమునుపే స్పిరిటు పోసి వెలిగించి, బర్నరు వేడెక్కిన పిమ్మట పంపు కొట్టగానే హోరుమని లేచెడి ఆ ధ్వనియే మాకు సుప్రభాతము. "ఒరేయ్, ఎక్కువ కొట్టకురా, పేలుతుంది" అని ఆమె గదమాయించుటయు నిత్యకృత్యమే. ఇటీవల ఆ హోరు వంశవృక్షమును తిరుగవేయుచుండగా, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కు వాయవ్యముననున్న సుండ్‌బీబెర్గ్ అను చిన్నయూరు తగిలినది. అంతకంటె వింత, ఆ వృక్షమునకు మూలపురుషుడైనవాడు విమానమును నిర్మింపబూని పాతికేండ్లు వెచ్చించియు, ఎగురలేకపోయెనట!

ఊరి పూర్వచరిత్ర క్లుప్తము: ఒక భూస్వామి భవంతి, దాని చుట్టు పొలములు, అంతే. 1860లలో ఆ భూములను కొనిన అండర్స్ పెటర్ లోఫ్‌స్ట్రోమ్ అదృష్టవంతుడు. 1876లో స్టాక్‌హోమ్ నుండి వెస్టెరోస్ మీదుగా బెర్గ్‌స్లాగెన్ ఇనుపగనుల సీమకు పోవు రైలుమార్గము వాని పొలముల ప్రక్కనే సాగి, అచ్చట ఒక స్టేషను వెలసినది. నగరములో అద్దెలు భరింపలేని కార్మికులకును, స్థలము చాలని కర్మాగారములకును ఆయన నేలను తుండెములుగా కోసి అమ్మెను. రాయలు నగరములు కట్టించిన కథలు మనకు పరిచితములే కాని, ప్లాట్ల వ్యాపారి ఒకడు పట్టణమునకు జన్మదాతయగుట నాకు మిక్కిలి నచ్చినది.

ఇక ఆ మూలపురుషుడు కార్ల్ రికార్డ్ నీబెర్గ్ సంగతి. అర్బూగాలో 1858లో జన్మించి, కంసాలి పనిలో చేయి తిరిగిన ఈతడు 1882లో స్టాక్‌హోమ్‌లోని చిన్న దుకాణమున బ్లోలాంపులను, అనగా లోహమునకు మాటు వేయుటకు పదునైన జ్వాల చిమ్మెడి చేతిదీపములను, చేయనారంభించెను. వస్తువు మేలైనదే, అమ్ముట మాత్రము అతనికి చేతకాలేదు. 1886లో ఒక సంతలో మాక్స్ సీవర్ట్ అను వర్తకుడు తారసిల్లి, అమ్మకము తన భుజముల కెత్తుకొనగా, పని సుండ్‌బీబెర్గ్‌కు తరలి బహుళముగా వర్ధిల్లెను. ఆ సీవర్టే 1888లో అచ్చట కేబుళ్ల కర్మాగారమును నెలకొల్పెను. 1906లో బ్లోలాంపుల సంస్థ సీవర్టు పేరనే వెలసినది. చేసినవానిని మరచి అమ్మినవానిని స్మరించుట లోకమునకు క్రొత్తగాదు గాని, ఇచ్చట నాకు కించిత్తు కోపమే వచ్చినది.

నీబెర్గ్ మనసు మాత్రము ఆకాశమున నుండెను. లీడింగో దీవిలో తన యింటి ముంగిట, 1897 మొదలు 1922 వరకు, "ఈగ" యను అర్థముగల "ఫ్లూగన్" అను ఆవిరి విమానముతో కుస్తీపట్టెను. నమూనాలను గాలిసొరంగములో పరీక్షించునంతటి దూరదృష్టి యుండియు, ఆ ఈగ నాలుగు గెంతులు గెంతి చతికిలబడినది. ఇరుగుపొరుగు నవ్విరి.

ఎగురలేని ఆతని ఊహ వేరొక దారిని మన వంటిళ్లకు చేరినది. వేడెక్కిన గొట్టములో ఇంధనమును ఆవిరిచేసి మండించు బ్లోలాంపు సూత్రము నాధారముగా గొని, ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో మసిలేని కిరసనాయిలు పొయ్యిని రూపొందించెను. అదియే ప్రైమస్, మా అమ్మమ్మగారి స్టవ్వు జాతికి మూలము.

తరువాతి కథను తొందరగా దాటుదును. సుండ్‌బీబెర్గ్ 1888లో చిన్నపట్టణ ప్రతిపత్తిని, 1927లో నగర హోదాను పొందినది. 1916లో నార్వే దేశీయుడు యూహాన్ త్రోనె హోల్స్ట్ స్థాపించిన మరబూ చాకొలెట్ సంస్థ అచ్చటనే కర్మాగారము కట్టి, పనివారి విశ్రాంతికై తోటను పెంచినది. 1970లలో చాకొలెట్ అన్యత్ర తరలినది. కోకో ప్రయోగశాల నేడు చిత్రశాల. కర్మాగారములుండిన తావుల కార్యాలయములు, వాటాల యిండ్లు. తోటను నిలిపినందులకు సంతోషమే గాని, ఆ చాకొలెట్ వాసన లేని తోట నాకు సగమే.

ఆ ఊరిని కన్న రైలుమార్గమునే ఇప్పుడు రెండు పట్టాలదారుల నుండి నాలుగింటికి పెంచి, నగరమధ్యమున భూమిక్రిందికి దింపుటకై సొరంగము త్రవ్వుచున్నారు.