చదివిన కితాబు గురించి నాలుగు మాటలు

దోస్తులారా, ఉర్దూలో తబ్సిరా అని ఒక మాట ఉంది. రిసాలాల్లో పుస్తక సమీక్షకి పెట్టే పేరు అదే. దాని వేరు అరబ్బీ ‘బసర్’, అంటే చూపు. చదివినవాడు తనకి కనబడింది పక్కవాడికి కూడా చూపించడం తబ్సిరా. మన ఇళ్లలో కితాబులకి కొదవేం లేదు. అలమారాలో దాదాజాన్ ఉర్దూ కితాబులు ఉంటాయి, పిల్లల సంచుల్లో తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు ఉంటాయి. తగ్గింది తబ్సిరా. దాదా చదివింది పోతాకి తెలీదు, పోతా చదివేది దాదాకి తెలీదు. ఈ మాట ఎందుకు ముఖ్యమో చెప్పడానికి కాస్త తారీఖ్‌లోకి తీసుకెళ్తాను, ఓపిగ్గా రండి.

మొదట గాలిబ్ సాహెబ్. 1857 గదర్ రోజుల్లో ఢిల్లీ తగలబడుతుంటే ఆయన ఇంట్లోనే చిక్కుబడిపోయారు. పొద్దుపోవడానికి చేతిలో ఉన్న కొద్ది కితాబుల్లో ఒకటి ‘బుర్హాన్-ఎ-ఖాతె’ అనే ఫార్సీ నిఘంటువు. అది మన దక్కన్ సరుకే. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షాకి అంకితంగా 1652 ప్రాంతంలో తయారైంది. గాలిబ్ దాన్ని కలం పట్టుకుని చదివారు, కనబడిన ప్రతి తప్పుకీ పక్కన రాసుకున్నారు. ఆ రాతలన్నీ 1862లో ‘ఖాతె-ఎ-బుర్హాన్’ పేరుతో అచ్చయ్యాయి. పేరునే తిరగేశారు చూడండి!

ఇక తుఫాను లేచింది. నిఘంటువుని నమ్మినవాళ్లు ఎదురు కితాబులు రాశారు, వాటికి జవాబులు, జవాబులకి మళ్లీ జవాబులు. మాటలు తిట్లదాకా పోయి, ముసలితనంలో గాలిబ్ పరువునష్టం దావా వేసేదాకా వచ్చింది. చివరికి అది రాజీతో ముగిసింది. ఒక చదువరి అభిప్రాయానికి ఇంత బలం ఉంటుందా అని ఆశ్చర్యం వేస్తుంది. అదబ్ తప్పితే ఇల్మ్ వెనక్కి పోయి జగడం ముందుకి వస్తుందనేది కూడా ఈ కిస్సాలోనే ఉంది.

ఇప్పుడు మన ఉత్తరాంధ్రకి వద్దాం. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు ఉండేవారు. హరికథకి పితామహుడని అందరికీ తెలుసు. ఆయనకి ఫార్సీ, అరబ్బీ కూడా వచ్చని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఉమర్ ఖయ్యాం రుబాయీలకి ఫిట్జిరాల్డ్ 1859లో చేసిన ఇంగ్లీషు తర్జుమా దునియా అంతా పేరు తెచ్చుకుంది. దాసుగారు మూలం ఫార్సీలో చదివి, తర్జుమా దాని వెంట నడవలేదని తేల్చారు. ఊరికే అలా అనేసి ఊరుకోలేదు. ఫార్సీ రుబాయీలనీ ఫిట్జిరాల్డ్ ఇంగ్లీషునీ విడివిడిగా సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చి, 1932లో పుస్తకం వేశారు. ఎక్కడ తేడా ఉందో చదివేవాళ్లే పోల్చి చూసుకోవచ్చు. నా లెక్కలో తబ్సిరా అంటే ఇది. గాలిబ్ దగ్గర కోపం ఎక్కువైంది, దాసుగారి దగ్గర మెహనత్ ఎక్కువైంది.

అదే కాలంలో పిఠాపురంలో ఉమర్ అలీషా గారు కూడా రుబాయీలని ఫార్సీ నుంచి తెలుగు పద్యంలోకి తెచ్చారు. ఒకరు హరిదాసు, ఒకరు సూఫీ పీఠాధిపతి. ఇద్దరి చేతిలో ఒకే కితాబు. ఇద్దరూ 1945లోనే లోకం విడిచారు. అంతకుముందు 1925లో చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్ షరీఫ్‌ని తెలుగు చేశారు. తెలుగులో తొలి అనువాదం అదే. ఆయనా ఈ శ్రీకాకుళం వైపు మనిషే. అంటే ఫార్సీ కవి గురించీ, మన పాక్ కితాబ్ గురించీ తెలుగులో మాట్లాడుకోవడానికి తలుపులు తెరిచినవాళ్లలో మన పొరుగువాళ్లు ఉన్నారు. ఆ ఎహసాన్ మరిచిపోకూడదు.

కితాబు చేతికి అందాలి కదా, అప్పుడే తబ్సిరా. దానికి కుతుబ్‌ఖానా కావాలి. మన విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి గారు 1886లోనే గ్రంథాలయం పెట్టారు. ఆంధ్ర ప్రాంతపు తొలి పౌర గ్రంథాలయాల సంగతి వస్తే దాని పేరు చెబుతారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల సభ జరిగి ఉద్యమం ఊపందుకుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. చదువు రానివాళ్లకి చదివి వినిపించడం కూడా ఆ ఉద్యమంలో ఒక పని. విన్నవాడు ఊరుకుంటాడా? అడుగుతాడు, వాదిస్తాడు. ఇటు హైదరాబాద్‌లో 1931లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ పుట్టింది, 1938 నుంచి దాని రిసాలా ‘సబ్‌రస్’ వచ్చింది. లాహోర్‌లో 1939 నుంచి హల్ఖా-ఎ-అర్బాబ్-ఎ-జౌఖ్‌లో ఒకరు చదవడం, కూర్చున్నవాళ్లు అక్కడే మంచిచెడ్డలు చెప్పడం రివాజు అయింది.

మన ఊళ్లోనే జరిగిన ఇంకో సంగతి. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీకి షష్టిపూర్తి సభలు జరిగాయి. పెద్దపెద్ద రచయితలంతా వచ్చారు. అక్కడ విద్యార్థులు ‘రచయితలారా మీరెటువైపు’ అని అడుగుతూ కరపత్రం పంచారు. జూలై 4న హైదరాబాద్‌లో విరసం ఏర్పడింది, శ్రీశ్రీ దానికి తొలి అధ్యక్షుడయ్యారు. ఆ రాజకీయంతో మీకు ఇత్తిఫాఖ్ ఉందా ఇఖ్తిలాఫ్ ఉందా అనేది మీ ఇష్టం. నేను చూసేది ఒక్కటే. కితాబులు చదివిన కుర్రాళ్లు రాసినవాళ్లని నిలబెట్టి సవాల్ వేశారు, జవాబు చెప్పక తప్పలేదు.

మన సంగతికొస్తే 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో కవితా సంకలనం ‘జల్‌జలా’, మరుసటి ఏడు ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, 2004లో ముస్లిం కథల సంకలనం ‘వతన్’. మన ఇంటి మాట, మన వంటింటి జబాన్, మన గరీబీ తెలుగు అచ్చులోకి ఎక్కాయి. వీటి గురించి తెలుగు సాహిత్య సభల్లో చాలా మాట్లాడారు. మన దస్తర్‌ఖాన్ దగ్గర ఎంత మాట్లాడాం? ఉర్దూ మీడియంలో చదువుకుని తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు గుచ్చుకుంటుంది. ఎవరి గురించి రాశారో వాళ్లకే కితాబు చేరకపోతే, మన మీద తబ్సిరా ఎప్పుడూ బయటివాళ్లే చేస్తారు.

పూర్ణా మార్కెట్‌లో మేం ఐదారుగురం నెలకోసారి ఇషా నమాజ్ అయ్యాక ఒక చాయ్ హోటల్లో కూర్చుంటాం. ఒకాయన పోర్టులో రిటైరయ్యారు, ఒకాయనకి మిర్చి, పసుపు హోల్‌సేల్ దుకాణం, ఒకతను దర్జీ, ఇంకొకతను టీచరు. రివాజు ఒక్కటే. ఉర్దూ కితాబు చదివినవాడు దాని సంగతి తెలుగులో చెప్పాలి, తెలుగు పుస్తకం చదివినవాడు ఉర్దూలో చెప్పాలి. మొదట్లో నవ్వులపాలయ్యాం. తర్వాత తెలిసింది, ఇంకో జబాన్‌లో చెప్పాలంటే కితాబుని మళ్లీ చదవాల్సి వస్తుంది. ‘వతన్’ గురించి మాట్లాడినరోజు పెద్ద బహస్ అయింది. మన ఇంటి గుట్టు బజార్లో పెట్టడం ఏంటని పోర్టు భాయ్ అన్నారు. గుట్టుగా ఉంచితే మన ఆడపిల్లల కష్టం తీరిందా అని దర్జీ అడిగాడు. ఇద్దరికీ రాజీ కుదరలేదు. కానీ పోర్టు భాయ్ ఆ కితాబు ఇంటికి పట్టుకెళ్లారు. పై నెల ఆయన బేగం గారు రెండు కథల మీద తన రాయ్ కాగితం మీద రాసి పంపారు. ఆ రోజు అందరికంటే బాగా చదివింది ఆవిడే అని ఒప్పుకున్నాం.

అందుకే నా గుజారిష్. జుమా రోజు భోజనాలయ్యాక ఒక పావుగంట తీయండి. ఇంట్లో ఒక్కొక్కరు తాము చదివింది చెప్పాలి. ఏముంది అందులో, ఏది నచ్చింది, దేంతో ఇఖ్తిలాఫ్, అంతే. ఉర్దూ లిపి రాని పిల్లలకి నానీ చదివి వినిపించాలి, తెలుగు చదవలేని నానీకి పిల్లలు వినిపించాలి. కాదన్నవాడి మీద కోపం వద్దు, పేజీ తీసి చూపించమనండి. పాత కాగితాలవాడు తరాజు పట్టుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు, ఏ కితాబు గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాటైనా అనలేదో అదే ముందు తూకానికి ఎక్కుతుంది. దాదాజాన్ అలమారా తాళం ఈ వారమే తీయండి.