మంగళగిరి చారిత్రక చిహ్నాలు – గుంటూరు సంఘచరిత్ర: ఒక పరిశీలన

గుంటూరు ప్రాంత లూథరన్ సంఘచరిత్ర రాసేవారు సాధారణంగా 1842 జూలై 31తో ఆరంభిస్తారు. ఆనాడు అమెరికా నుండి బయలుదేరిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరారు. అయితే ఆయన సేవ ఎటువంటి ప్రజల మధ్య మొదలైందో గ్రహించాలంటే అంతకు ముందటి కాలాన్ని కూడా పరిశీలించాలి. గుంటూరుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని మంగళగిరి ఇందుకు తగిన స్థలం.

మంగళగిరి చరిత్ర రాతిలో కనబడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడును జయించిన సంగతి తెలిపే శాసనం ఇక్కడ ఉంది. కొండమీది నరసింహస్వామికి భక్తులు పానకం సమర్పిస్తారు. దిగువనున్న లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807–09 మధ్య 11 అంతస్తుల గాలిగోపురం కట్టించారు. దాని ఎత్తు 153 అడుగులు.

ఆ గోపురం లేచిన పాతికేళ్లలోపే, నందన నామ సంవత్సరంలో (1832–33), ఈ ప్రాంతాన్ని డొక్కల కరువు పీడించింది. గుంటూరు జిల్లాలోని ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది మరణించారని అంచనాలు. పక్కనే కృష్ణానది ప్రవహిస్తున్నా, ఆ నీటిని పొలాలకు మళ్లించే ఆనకట్ట నాడు లేదు. మంగళగిరికి సమీపంలోని సీతానగరం, బెజవాడ కొండల మధ్య 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజి వెలసింది.

రాజుల విజయానికి శాసనం ఉంది, జమీందారు దానానికి గోపురం ఉంది. కరువులో చనిపోయిన సామాన్యులకు వారి పేర్లు తెలిపే రాయి లేదు. హయ్యర్ వచ్చేనాటికి ఆ కరువు గడిచి తొమ్మిదేళ్లే అయింది. ఆయన బోధ విన్న ఇక్కడి పెద్దవారు చాలావరకు ఆ చావులను కళ్లారా చూచి బ్రదికినవారే. ఈ సంగతి విడిచిపెడితే మన చరిత్రలో మిషనరీ మాత్రమే కనబడతాడు, విన్నవారు కనబడరు.

యెహోషువ గిల్గాలులో 12 రాళ్లు నిలిపింది, రాబోయే తరాల పిల్లలు అడిగినప్పుడు పెద్దలు జవాబు చెప్పడానికే. కనుక ఊరి సంఘచరిత్ర రాయబూనిన కాపరులు, వేదాంత విద్యార్థులు బాప్తిస్మపు రిజిస్టరుతో ఆగక ఆ ఊరి శాసనాన్ని, చెరువును, శ్మశానాన్ని చూడాలి. వృద్ధుల నోట మిగిలిన కరువు కథలను వారుండగానే రాసిపెట్టాలి. రాయి లేనివారికి మనం నిలపగల రాయి అదే.